అరువు తెచ్చుకున్న ఎత్తు: ఢిల్లీ దర్బారులలో ఏనుగు (1876–1912)

వ్యాస సంగ్రహం:
బ్రిటిష్ పాలకులు 1877, 1903, 1911 సంవత్సరాలలో ఢిల్లీలో మూడు దర్బారులు నిర్వహించారు. 1912లో రాజప్రతినిధి హార్డింజ్ కొత్త రాజధానిలోకి అధికారికంగా ప్రవేశించాడు. ఈ నాలుగు సందర్భాలలో ఏనుగుకు లభించిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొఘలు చక్రవర్తుల నుంచీ దేశీయ రాజుల నుంచీ గజారోహణ సంప్రదాయాన్ని స్వీకరించిన వలస ప్రభుత్వం, అందులోని ఇచ్చిపుచ్చుకునే సంబంధాన్ని వదిలి ఎత్తును మాత్రమే గ్రహించిందని, ఆ ఎత్తు కోసం కూడా దేశీయ రాజుల గజశాలలపై ఆధారపడవలసి వచ్చిందని ప్రతిపాదిస్తుంది. పాలకుణ్ణి అందరికీ కనిపించేలా చేసిన ఏనుగే చివరకు అతణ్ణి దాడికి అందుబాటులో నిలిపిన తీరును వివరిస్తుంది.

కీలక పదాలు: ఢిల్లీ దర్బారు, గజారోహణం, అంబారీ, మావటి, సంస్థానాలు, నజరు, ఖిలత్తు, వలసపాలన.

1. ఉపోద్ఘాతం:

తెలుగు జానపద కథలలో రాజు వారసులు లేకుండా మరణిస్తే, మంత్రులు పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి వీధులలోకి వదులుతారు. అది ఎవరి మెడలో మాల వేస్తే అతడే రాజు. ఒక్కోసారి ఆ మాల సత్రం అరుగు మీద నిద్రపోతున్న బాటసారి మెడలో పడుతుంది. ఈ కథలలో రాజ్యాధికారాన్ని ఇచ్చేది ఏనుగు. రాజు దానిని పొందేవాడు మాత్రమే.

1876 డిసెంబరు 23న రాజప్రతినిధి లిట్టన్ ఢిల్లీ వీధులలో ఎక్కి తిరిగిన ఏనుగుకు అటువంటి పని లేదు. అధికారం అప్పటికే నిర్ణయమైంది. ఏనుగు చేయవలసింది ఆ అధికారాన్ని జనానికి కనిపించేంత ఎత్తులో మోయడం. సరిగ్గా ముప్పై ఆరేళ్ల తరువాత, 1912 డిసెంబరు 23న, అదే నగరంలో మరో రాజప్రతినిధి ఏనుగు మీద ఉండగా బాంబు పడింది. ఈ రెండు తేదీల మధ్య కాలమే ఈ వ్యాస పరిధి.

ఢిల్లీ దర్బారులపై విస్తృతమైన పరిశోధన జరిగింది. 1983లో బెర్నార్డ్ కోన్ ప్రచురించిన వ్యాసం 1877 సమావేశాన్ని వలస ప్రభుత్వం కల్పించుకున్న ఒక కొత్త సంప్రదాయంగా విశ్లేషించింది. 2001లో డేవిడ్ కాన్నడైన్ బ్రిటిష్ సామ్రాజ్యాన్ని అంతస్తుల దొంతరగా వ్యాఖ్యానిస్తూ, సంస్థానాధీశులను ఆ దొంతరలో భాగస్వాములుగా చూపారు. 2015లో థామస్ ట్రౌట్‌మన్ భారతీయ రాజరికానికీ అడవి ఏనుగులకూ గల సంబంధాన్ని దీర్ఘకాలిక పర్యావరణ చరిత్రలో నిలిపారు. ఈ మూడు మార్గాలూ కలిసే చోట ఒక ప్రశ్న మిగులుతుంది. దర్బారు ఏనుగు ఎవరిది? అది ఎవరి గజశాల నుంచి వచ్చింది, ఎవరిని మోసింది, ఎవరి వెనుక నడిచింది అన్న వివరాలను వరుసగా చూస్తే వలస అధికారపు స్వభావం గురించి కొన్ని నిర్దిష్టమైన విషయాలు తెలుస్తాయి.

2. పూర్వ సంప్రదాయం - ఎక్కడం, ఎక్కించుకోవడం:

భారతీయ రాజనీతిలో గజబలం చతురంగ బలాలలో ఒకటి. అశ్వపతి, గజపతి, నరపతి అన్న బిరుదులు దక్కను, ఒడిశా ప్రాంతాల రాజకీయ పరిభాషలో మూడు రాజ్యశక్తులకు సంకేతాలయ్యాయి. కాకతి గణపతిదేవుని ఆస్థానంలో ‘నృత్తరత్నావళి’ కర్త జాయప గజసాహిణి, అంటే గజసైన్యాధ్యక్షుడు. హంపీలోని గజశాలలు, మహానవమి దిబ్బ మీది శిల్పాలు విజయనగర కాలంలో ఏనుగుకు ఉన్న ప్రాధాన్యానికి నేటికీ సాక్ష్యాలు. ఏనుగు యుద్ధసాధనంగానూ ఉత్సవచిహ్నంగానూ ఏకకాలంలో ఉండేది. ఉత్సవంలో దానికి దక్కిన గౌరవం రణరంగంలో దాని శక్తి నుంచి వచ్చింది.

మొఘలుల కాలానికి ఈ వ్యవస్థ మరింత క్రమబద్ధమైంది. అబుల్ ఫజల్ ‘ఐన్-ఎ-అక్బరీ’లో ఏనుగులను ఏడు తరగతులుగా విభజించి, ఒక్కో తరగతికి ఎంత మేత, ఎందరు పరిచారకులు అన్న లెక్కలు నమోదు చేశాడు. చక్రవర్తి స్వారీకి ప్రత్యేకించిన ఏనుగులు 101. జహంగీరు కొలువును చూసిన ఆంగ్ల రాయబారి థామస్ రో, అలంకరించిన ఏనుగులు చక్రవర్తి ముందు వరుసగా నడిచి వందనం చేయడాన్ని వర్ణించాడు. సామంతులు ఏనుగులను కానుకగా సమర్పించేవారు. చక్రవర్తి కూడా తాను మెచ్చినవారికి ఏనుగులను బహూకరించేవాడు. ఏనుగు ఈ రెండు దిశలలోనూ కదిలేది.

కోన్ విశ్లేషణలో కీలకమైన అంశం ఇదే. కొలువులో సామంతుడు నజరు సమర్పించి ఖిలత్తు పొందేవాడు. చక్రవర్తి తాకిన వస్త్రాన్ని ధరించడం ద్వారా అతడు చక్రవర్తి దేహంలో భాగమయ్యేవాడు. బ్రిటిష్ అధికారులు ఈ చర్యను కొనుగోలు అమ్మకంగానో, లంచంగానో అర్థం చేసుకున్నారు. నజరుకు ఖరీదు కట్టి, దానికి సమానమైన విలువ గల వస్తువును తిరిగి ఇచ్చి లెక్క సరిచేసేవారు. సంబంధాన్ని కలిపిన చర్య ఆ విధంగా సంబంధాన్ని తెంచే చర్యగా మారింది.

ఏనుగు విషయంలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా ఉండేదో తెలుగు సాహిత్య సంప్రదాయం ఒక ఉదాహరణ ఇస్తుంది. అల్లసాని పెద్దనకు ఆపాదించిన ప్రసిద్ధ చాటువు ప్రకారం, శ్రీకృష్ణదేవరాయలు దారిలో కవి ఎదురైతే ఏనుగును ఆపి, తానే చేయి అందించి అతణ్ణి ఎక్కించుకునేవాడు. ఆ చాటువు చారిత్రక సత్యమా కాదా అన్న చర్చను పక్కన పెట్టినా, అది తెలిపే ఆదర్శం స్పష్టం. రాజు ఎత్తు గొప్పదనం ఆ ఎత్తును మరొకరితో పంచుకోవడంలో ఉంది. ఈ సంస్కారం వలసపాలనలోనూ సంస్థానాలలో కొనసాగింది. దర్బారులు జరుగుతున్న దశాబ్దాలలోనే తిరుపతి వేంకట కవులు తమకు లభించిన గౌరవాలలో గజారోహణాన్ని సగర్వంగా చెప్పుకున్నారు.

ఇదే సంప్రదాయంలో ఏనుగు పట్ల భయం కూడా ఉంది. హైదరాబాదులో ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, కుతుబ్‌షాహీ రాకుమారుడు అబ్దుల్లాను ఎక్కించుకున్న ఏనుగు మదించి పారిపోయింది. తల్లి హయాత్ బక్షీ బేగం కుమారుడు క్షేమంగా తిరిగివస్తే బంగారు గొలుసు సమర్పిస్తానని మొక్కుకుంది. మొహర్రం లంగరు ఊరేగింపుకు ఇదే మూలమని చెబుతారు. అసఫ్‌జాహీల కాలానికి అది రాజ్య సైన్యాల ప్రదర్శనగా మారింది. ఏనుగు రాజును మోస్తుంది గాని పూర్తిగా అతని అధీనంలో ఉండదన్న ఎరుక ఆ ఉత్సవపు పుట్టుకలోనే ఉంది.

3. అడవి నుంచి కమిసరియట్ దాకా:

ఏనుగును వాడుకోవడంలో కంపెనీ ప్రభుత్వానికి మొదట ఉన్న ఆసక్తి సైనికమైనది. బరువైన ఫిరంగులను లాగడానికి, గుడారాలు మోయడానికి, అడవులలో కలప తరలించడానికి సైనిక సరఫరా విభాగమైన కమిసరియట్ ఏనుగులను పోషించింది. అయితే కాల్పుల మధ్యకు వాటిని తీసుకువెళ్లడం ప్రమాదకరం. అందువల్ల ఏనుగులు లాగుకొచ్చిన ఫిరంగులను యుద్ధరంగం సమీపించగానే ఎద్దులకు కట్టేవారు. 1868 అబిసీనియా దండయాత్ర కోసం బొంబాయి నుంచి 44 ఏనుగులను ఓడలలో పంపారు. ఒకప్పటి గజబలం ఈ దశలో రవాణా సాధనం. ఢాకాలో ప్రభుత్వ ఏనుగులను ఉంచిన ప్రదేశానికి పీల్‌ఖానా అన్న పేరు నేటికీ ఉంది.

1870ల నాటికి అడవి ఏనుగుల మీద ప్రభుత్వ హక్కు చట్టరూపం దాల్చింది. మద్రాసు ప్రభుత్వం 1873లో అడవి ఏనుగుల సంరక్షణ చట్టం చేసింది. 1879లో భారత ప్రభుత్వం ఇటువంటి చట్టాన్నే విస్తృత పరిధిలో తెచ్చింది. అనుమతి లేకుండా ఏనుగును చంపడం, పట్టడం నేరమైంది. మైసూరు అడవులలో జి.పి. శాండర్సన్ 1870లలో ఖెడ్డా పద్ధతిని ప్రవేశపెట్టి, మందను మొత్తంగా కందకాల మధ్యకు తోలి పట్టించాడు. ట్రౌట్‌మన్ చెప్పినట్లు, యుద్ధానికి ఏనుగులు కావలసిన రాజులు వాటి అడవులను కాపాడవలసి వచ్చింది. వలస ప్రభుత్వం కాపాడినది శ్రామిక పశువును.

ఈ తేడా దర్బారుల చరిత్రలో ప్రధానమైనది. కలప మోసే ఏనుగు వేరు, పట్టపుటేనుగు వేరు. ఎత్తు, దంతాల సౌష్ఠవం, నడక తీరు చూసి ఎంపిక చేసి, వాద్యాల ధ్వనికీ జనసమ్మర్దానికీ ఏళ్ల తరబడి అలవాటు చేస్తేనే ఉత్సవపుటేనుగు సిద్ధమవుతుంది. నుదుటి మీద, తొండం మీద రంగులతో చిత్రించే నేర్పు, జరీ జూలు కప్పే పద్ధతి, అంబారీ బిగించే విధానం తరతరాలుగా మావటుల కుటుంబాలలో వచ్చిన విద్యలు. ఇవి కమిసరియట్ శాలలలో కంటె సంస్థానాల గజశాలలలోనే నిలిచి ఉన్నాయి. అందువల్ల ఎత్తైన ఏనుగు కావలసి వచ్చినప్పుడు సామ్రాజ్యం సంస్థానాల వైపు చూసింది.

మొదటి రెండు ఢిల్లీ ఊరేగింపులలోనూ రాజప్రతినిధికి ఏనుగునిచ్చినది కాశీరాజు. వారెన్ హేస్టింగ్స్ 1781లో కాశీ రాజు చేత్‌సింగ్‌ను పదవీచ్యుతుణ్ణి చేశాడు. తరువాత ఆ వంశానికి బిరుదు, భూములు మిగిలాయి గాని, 1911 వరకు సంస్థానాధీశ హోదా దక్కలేదు. చేత్‌సింగ్ తిరుగుబాటు సమయంలో హేస్టింగ్స్ నగరం విడిచి పారిపోయిన హడావుడిలో గుర్రానికి అంబారీ, ఏనుగుకు జీను కట్టించాడని కాశీ ప్రజలు చాలాకాలం పరిహాసంగా చెప్పుకున్నారు. అటువంటి నగరం నుంచే సామ్రాజ్యం తన ఎత్తును అరువు తెచ్చుకుంది.

4. 1876–77: లిట్టన్ ప్రవేశం:

1876లో బ్రిటిష్ పార్లమెంటు విక్టోరియా రాణికి భారత చక్రవర్తిని బిరుదును ఆమోదించింది. దానిని 1877 జనవరి 1న ఢిల్లీలో ప్రకటించడానికి లిట్టన్ భారీ సమావేశాన్ని ఏర్పాటు చేశాడు. 63 మంది పాలకులు హాజరయ్యారు. పరివారాలతో, సైన్యాలతో కలిపి అక్కడ చేరినవారు సుమారు 84 వేల మంది. తూర్పు దేశాలవారు అలంకారానికి అమితమైన విలువ ఇస్తారని లిట్టన్ గట్టిగా నమ్మాడు. రాజకీయ హక్కుల గురించి మాట్లాడే విద్యావంతుల కంటె రాజులూ జమీందారులే సామ్రాజ్యానికి ఆధారమన్నది అతని అభిప్రాయం.

డిసెంబరు 23న రైలు దిగిన లిట్టన్ దంపతులు కాశీరాజు ఏనుగు మీద, అంతకుముందు ఏడాది వేల్స్ యువరాజు పర్యటన కోసం చేయించిన వెండి అంబారీలో, దాదాపు మూడు గంటల పాటు ఊరేగారు. ఈ ఊరేగింపులో దేశీయ పాలకులకు చోటు లేదు. వారి పరివారాలు, ఏనుగులు దారికి ఇరువైపులా నిలిచి చూశాయి. వరుసగా నిలిచిన ఆ ఏనుగులను దాటుకుంటూ రాజప్రతినిధి సాగిపోయాడు. పూర్వం చక్రవర్తి ఆసీనుడై ఉంటే ఏనుగులు అతని ముందు నడిచి వందనం చేసేవి. 1876లో ఏనుగులు నిలబడ్డాయి, పాలకుడు కదిలాడు. సైన్యాన్ని తనిఖీ చేసే అధికారి పద్ధతి ఇది.

ఖిలత్తుకు బదులుగా ఈసారి రాజులకు పతకాలు, పట్టు పతాకాలు ఇచ్చారు. ఆ పతాకాల మీద ఐరోపా సామంతుల తరహాలో కులచిహ్నాలు ఉన్నాయి. వాటిని రూపొందించినవాడు బెంగాలు సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ టేలర్. అవి ఎంత బరువంటే వాటిని ఎత్తి పట్టడానికి దృఢకాయులైన సైనికులు కావలసి వచ్చింది.

హైదరాబాదు, మైసూరు, బరోడా అనే మూడు పెద్ద సంస్థానాల పాలకులూ అప్పటికి మైనర్లు. పదేళ్ల మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ను దివాను సాలార్‌జంగ్ ఢిల్లీకి తీసుకువచ్చాడు. అంతకుముందు ఏడాది వేల్స్ యువరాజుకు స్వాగతం పలకడానికి బాల నిజామును బొంబాయి పంపాలన్న ఒత్తిడిని ఆరోగ్య కారణాలు చూపి సాలార్‌జంగ్ తప్పించాడు. ఈసారి తప్పించడం సాధ్యపడలేదు. 1853 ఒప్పందంతో కంపెనీ అధీనంలోకి వెళ్లిన బేరార్‌ను తిరిగి పొందాలన్నది సాలార్‌జంగ్ ప్రయత్నం. దానికి దర్బారులో సమాధానం దొరకలేదు.

జనవరి 1న ప్రకటన ముగిశాక సైనికులు వరుసగా తుపాకులు పేల్చి వందనం చేశారు. ఆ చప్పుడుకు మైదానంలోని ఏనుగులు, గుర్రాలు బెదిరి పరుగులు తీశాయి. చూడవచ్చినవారిలో కొందరు మరణించారు, కొందరు గాయపడ్డారు. లేచిన ధూళి మిగిలిన కార్యక్రమం అంతటా కమ్మి ఉంది. ఫిరంగి వందనం, గజారోహణం అనే రెండు భిన్న సంప్రదాయాలను పక్కపక్కన నిలిపినప్పుడు జరిగిన ప్రమాదం అది.

ఆ రోజులలోనే మద్రాసు రాజధానిలో ధాత కరువు తీవ్రరూపం దాల్చింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. సమావేశం ముగిసీ ముగియకముందే సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు వ్యవహారాల ప్రతినిధిగా దక్షిణాదికి పంపారు. ఖర్చు తగ్గించడం అతనికి అప్పగించిన బాధ్యతలలో ప్రధానమైనది. సహాయక పనులలో కూలీకి రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలునని అతడు నిర్ణయించాడు. ఢిల్లీలో ఒక ఏనుగు పూటమేతకూ, కర్నూలులో ఒక కూలీ రోజుగ్రాసానికీ లెక్కలు కట్టినది ఒకే ప్రభుత్వం. రాయలసీమ చరిత్రకారులకు 1877 దర్బారును ఈ నేపథ్యంలో తప్ప చదవడం సాధ్యం కాదు.

5. 1902–03: కర్జన్ ఊరేగింపు:

ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సందర్భంగా కర్జన్ 1903 జనవరి 1న రెండవ దర్బారు నిర్వహించాడు. చక్రవర్తి స్వయంగా రాలేదు. ఆయన తమ్ముడు డ్యూక్ ఆఫ్ కన్నాట్ వచ్చాడు. లిట్టన్ వేదికలోని ఐరోపా మధ్యయుగపు అలంకరణ కర్జన్‌కు నచ్చలేదు. వేదికను మొఘలు వాస్తుశైలిలో కట్టించాడు, ఖుద్‌సియా తోటలో భారతీయ కళల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. ప్రతి వివరాన్నీ తానే పరిశీలించాడు. రాజ్యాలు, కిరీటాలు నశించవచ్చునన్న అర్థం వచ్చే పాదం ఉన్నందున ఒక ప్రసిద్ధ క్రైస్తవ కీర్తనను కూడా కార్యక్రమం నుంచి తీసివేయించాడు.

1902 డిసెంబరు 29 నాటి ప్రవేశం ఏనుగుల ఊరేగింపులన్నిటిలో ప్రసిద్ధమైనది. కర్జన్ దంపతులు కాశీ మహారాజు పంపిన ఏనుగు మీద ముందు నడిచారు. జామా మసీదు మెట్ల మీద, చాందినీ చౌక్ మేడల మీద జనం కిక్కిరిశారు. ఈసారి దేశీయ పాలకులు దారి పక్కన నిలబడలేదు. తమ తమ ఏనుగుల మీద, బంగారు వెండి అంబారీలలో, రాజప్రతినిధి వెనుక వరుసగా సాగారు. రాజులు ప్రేక్షకులుగా కాక పాత్రధారులుగా పాల్గొన్నారన్నది కర్జన్ చెప్పుకున్న గొప్ప.

కాన్నడైన్ వాదనకు ఈ దృశ్యం బలమైన ఆధారంగా కనిపిస్తుంది. పాలకులు ఒకే రకమైన వాహనం మీద, ఒకే ఊరేగింపులో, అంతస్తుల వారీగా ఉన్నారు. అయితే ఆ అంతస్తులను నిర్ణయించినది ఎవరన్నది ప్రధానమైన ప్రశ్న. ఎవరికి ఎన్ని ఫిరంగుల వందనం, ఎవరి ఏనుగు ఎవరి తరువాత అన్నవి ప్రభుత్వ రాజకీయ విభాగం నిర్ణయాలు. తన రాజ్యంలో ముందు నడిచే పట్టపుటేనుగు ఢిల్లీకి వచ్చేసరికి వెనుక నడిచింది. అంబారీ, ఏనుగు, మావటి రాజువే. వరుసలో చోటు మాత్రం ప్రభుత్వం కేటాయించినది.

హైదరాబాదు ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తుంది. 1902 నవంబరు 5న కుదిరిన ఒప్పందం ప్రకారం మహబూబ్ అలీ ఖాన్ బేరార్‌ను ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు ఇచ్చాడు. ఇరవై ఐదేళ్ల కిందట సాలార్‌జంగ్ తిరిగి అడిగిన ప్రాంతం ఆ విధంగా చేజారింది. రెండు నెలలు తిరగకుండానే ఢిల్లీ దర్బారు జరిగింది. ఆ దర్బారు సందర్భంగా నిజాముకు జి.సి.బి. బిరుదు దక్కింది. పోయినది భూభాగం, వచ్చినది బిరుదు, పతకం. పూర్వపు ఖిలత్తు సామంతుణ్ణి చక్రవర్తికి దగ్గర చేసేది. ఈ పతకం జరిగిన నష్టానికి రసీదు వంటిది.

నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సంస్థ ఈ దర్బారును చిత్రించింది. చలనచిత్రాలు కూడా తీశారు. రోడరిక్ మెకెంజీ జామా మసీదు ముందు సాగే ఊరేగింపును పెద్ద తైలవర్ణచిత్రంగా గీశాడు. ఏనుగు ఎత్తు వీధిలోని జనానికి ఎంత అవసరమో, సముద్రాల అవతల ఉన్న ప్రేక్షకులకూ అంతే అవసరమైంది. ఛాయాచిత్రంలో ఖిలత్తు కనపడదు, ఏనుగు కనపడుతుంది.

విమర్శ కూడా వెంటనే వచ్చింది. 1903 డిసెంబరులో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ అధ్యక్షోపన్యాసంలో లాల్‌మోహన్ ఘోష్, కరువులతో చితికిన దేశంలో ఇంత ఆడంబరానికి ధనం వెచ్చించడాన్ని తీవ్రంగా నిరసించాడు. 1877లో సభలోనికి పిలవని విద్యావంతులు పాతికేళ్ల తరువాత తమ సభలో తాము సమాధానం చెప్పారు.

6. 1911: గుర్రమెక్కిన చక్రవర్తి:

1911లో మొదటిసారి చక్రవర్తి స్వయంగా దర్బారుకు వచ్చాడు. డిసెంబరు 7న ఐదవ జార్జి ఢిల్లీలో ప్రవేశించినప్పుడు ఏనుగును కాదని గుర్రం ఎక్కాడు. ఫీల్డ్ మార్షల్ దుస్తులలో, తలపై శిరస్త్రాణంతో, అదే తరహా దుస్తులు ధరించిన అధికారుల నడుమ సాగాడు. మేరీ రాణి బండిలో వెనుక వచ్చింది. దారి పొడవునా గంటల తరబడి నిరీక్షించిన జనంలో చాలామంది చక్రవర్తి ఎవరో గుర్తుపట్టలేకపోయారు. చక్రవర్తి రానేలేదని కొందరు అనుకున్నారు.

ఈ సంఘటనను చరిత్రకారులు తరచు వినోదకరమైన పొరపాటుగా ప్రస్తావిస్తారు. దాని అర్థం అంతకంటె లోతైనది. గుర్రం మీది సైన్యాధిపతి ఐరోపా రాజరికపు ప్రతిమ. దానిని చదవడానికి పతకాలు, భుజచిహ్నాలు తెలియాలి. ఏనుగు మీద, ఛత్రం కింద కూర్చున్నవాడు పాలకుడని చాందినీ చౌక్‌లోని పసివాడికీ తెలుసు. ముప్పై ఐదేళ్లుగా ప్రభుత్వం ఏనుగు భాషలో మాట్లాడి, చక్రవర్తి వచ్చిన రోజున భాష మార్చింది. లేనివారి ప్రతినిధికి ఏనుగు అవసరమైంది, స్వయంగా వచ్చినవాడికి అవసరం లేదనుకున్నారు. జనం గుర్తించినది ఆసనాన్నేనని అప్పుడు తేలింది.

డిసెంబరు 12 దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చడం, బెంగాలు విభజన రద్దు ప్రకటించారు. ఆగస్టులో తండ్రి మరణించగా గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ పాలకులలో మొదటగా వందనం చేశాడు. బరోడా పాలకుడు సయాజీరావు నిర్దేశించిన మర్యాదను పాటించకుండా వెనుదిరిగాడన్న వివాదం లండను పత్రికల దాకా వెళ్లింది. మరునాడు చక్రవర్తి దంపతులు ఎర్రకోట ఝరోకాలో కూర్చొని జనానికి దర్శనమిచ్చారు. గుర్రం మీద కోల్పోయిన ఎత్తు మొఘలు గవాక్షంలో దొరికింది. అక్కడి నుంచి జార్జి నేపాల్ తరాయికి వేటకు వెళ్లాడు. అక్కడ మాత్రం వందలాది ఏనుగులు ఆయన కోసం సిద్ధంగా ఉన్నాయి. ఊరేగింపుకు పనికిరాని ఏనుగు పులుల వేటకు పనికివచ్చింది.

7. 1912: చాందినీ చౌక్:

మరుసటి ఏడాది కొత్త రాజధానిలోకి అధికారిక ప్రవేశానికి రాజప్రతినిధి హార్డింజ్ తిరిగి ఏనుగునే ఆశ్రయించాడు. 1912 డిసెంబరు 23న చాందినీ చౌక్‌లో ఊరేగింపు సాగుతుండగా అంబారీ మీద బాంబు పడింది. హార్డింజ్ వీపుకు తీవ్రమైన గాయాలయ్యాయి. కొద్దిసేపటికి అతడు స్పృహ కోల్పోయాడు. లేడీ హార్డింజ్ క్షేమంగా బయటపడింది. వెనుక నిలబడి ఛత్రం పట్టిన సేవకుడు అక్కడికక్కడే మరణించాడు. గాయపడిన రాజప్రతినిధిని దింపడానికి ప్రయత్నిస్తే, బెదిరిన ఏనుగు మోకరిల్లలేదు. చెక్కపెట్టెలు ఒకదానిపై ఒకటి పేర్చి అతణ్ణి కిందికి దించవలసి వచ్చింది. ఆర్థిక సభ్యుడు సర్ గై ఫ్లీట్‌వుడ్ విల్సన్ రాజప్రతినిధి స్థానంలో కార్యక్రమాన్ని పూర్తి చేశాడు.

రాస్ బిహారీ బోస్ నాయకత్వంలోని విప్లవకారులు ఈ దాడి వెనుక ఉన్నారు. ఢిల్లీ కుట్రకేసులో అమీర్‌చంద్, అవధ్ బిహారీ, బాల్ ముకుంద్, వసంత కుమార్ విశ్వాస్ 1915లో ఉరికంబమెక్కారు. రాస్ బిహారీ బోస్ అదే ఏడాది జపాను చేరుకున్నాడు.

దాడి జరిగిన స్థలం, పద్ధతి పరిశీలించదగినవి. చాందినీ చౌక్ వీధికి ఇరువైపులా మేడలు. ఏనుగు మీది అంబారీ ఇంచుమించు మేడ ఎత్తుకు వస్తుంది. వీధిలోని జనానికి అందనంత పైకి పాలకుణ్ణి లేపిన వాహనమే, మేడ మీద ఉన్నవారికి అతణ్ణి సూటిగా ఎదురుగా నిలిపింది. నెమ్మదైన నడక, మెరిసే అంబారీ, పైన ఛత్రం దర్శనం కోసం ఏర్పడినవి. అవే గురి చూడడానికి అనువుగా మారాయి. గుర్రం మీద వెళ్లిన చక్రవర్తిని జనం గుర్తించలేదు. ఏనుగు మీద వెళ్లిన రాజప్రతినిధిని గుర్తించడంలో ఎవరూ పొరపడలేదు.

8. ముగింపు:

నాలుగు సందర్భాలనూ వరుసగా చూసినప్పుడు మూడు నిర్ణయాలకు రావచ్చు. మొదటిది, వలస ప్రభుత్వం అడవి ఏనుగుల మీద చట్టబద్ధమైన హక్కును సంపాదించినా, ఉత్సవపుటేనుగు కోసం దేశీయ గజశాలల మీద ఆధారపడింది. ఆ అర్థంలో దర్బారు వైభవం అరువు వైభవం. రెండవది, పూర్వ సంప్రదాయంలో ఏనుగు కానుకగా, గౌరవంగా రెండు దిశలలో కదిలి బంధాన్ని కలిపింది. దర్బారులో అది వరుస సంఖ్యగా మారింది. 1876లో రాజుల ఏనుగులు పక్కన నిలబడ్డాయి, 1902లో వెనుక నడిచాయి. ఈ మార్పు భాగస్వామ్యాన్ని సూచిస్తుందన్న వాదనను బేరార్ వంటి ఉదాహరణలతో కలిపి తిరిగి పరిశీలించాలి. మూడవది, కనపడడం మీద నిలిచిన అధికారం కనపడకపోయినా కష్టమే, కనపడినా కష్టమే. 1911, 1912 సంఘటనలు ఈ సంకటానికి రెండు వైపులు.

ఈ చరిత్రలో తెలుగు ప్రాంతానికి సంబంధించి చేయవలసిన పరిశోధన చాలా ఉంది. హైదరాబాదు పీల్‌ఖానాలు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలు, గజపతి బిరుదును వంశనామంగా నిలుపుకున్న విజయనగరం, వెంకటగిరి వంటి జమీందారీలు - వీటి దఫ్తరాలలోని మేత లెక్కలు, మావటుల జీతాల చిట్టాలు, ఉత్సవ ఖర్చుల వివరాలు సేకరిస్తే దర్బారు చరిత్రను కింది నుంచి రాయడం సాధ్యమవుతుంది. ఇంతవరకు ఆ చరిత్ర అంబారీలో కూర్చున్నవారిదిగానే మిగిలింది. ఏనుగు మెడ మీద అంకుశం పట్టి కూర్చున్న మావటి ప్రతి ఛాయాచిత్రంలోనూ ఉన్నాడు, ఏ చిత్రం కిందా అతని పేరు కనిపించదు. చాందినీ చౌక్ బాంబుకు బలైనది పాలకుడు కాదు, అతని తలపై ఎండ పడకుండా గొడుగు పట్టిన మనిషి. సామ్రాజ్యపు ఎత్తుకు ఎవరు మూల్యం చెల్లించారన్న ప్రశ్నకు ఆ మరణం దగ్గర నుంచి సమాధానం వెతకడం మొదలుపెట్టాలి.